అతిథికి నేను వేసిన అయిదు చుక్కలు

2023 డిసెంబరు. మా చాకవేలు చుట్టుపక్కల చేలల్లో అనపకాయలు, అంటే చిక్కుడు జాతి గింజల కాయలు, దిగుతున్న రోజులు. మా ఇంట్లో పొద్దున పితికిన పప్పు, సాయంత్రం తాళింపు గింజలు. శనివారం బెంగళూరు నుంచి వచ్చి ఆదివారం వెళ్ళిపోయే అతిథులకు ఇంతకన్నా మంచి కాలం లేదు. నాకు మాత్రం కాయలు ఒలిచి, గింజలు పితికి వేళ్ళు నల్లబడే కాలం. అప్పటికి ఇంట్లో అతిథులను దించుకునే ఈ పనిలోకి దిగి నాలుగేళ్ళయింది. ఆ నెలలో నేను చేసిన పొరపాటు ఒకటుంది. ఈ పని ఎట్లా ఉంటుందని అడిగేవాళ్ళకు మొదట దాన్నే చెబుతాను.

మాకు తోటలో రెండు గదులున్నాయి. ఒకప్పుడు విత్తనపు చెనక్కాయ మూటలు వేసుకునేవాళ్ళం. సున్నం కొట్టి, బాత్రూములు కట్టి, మంచాలు వేయించాం. గది ఫొటోలు, ధర, నియమాలు అన్నీ కలిపి ఒక యాప్‌లో పెడతాం. దాన్ని లిస్టింగ్ అంటారు. చూసినవాళ్ళు రిక్వెస్ట్ పంపుతారు, మాకు ఇష్టమైతే సరే అని నొక్కుతాం. అతిథి వెళ్ళాక ఆయన మా మీద, మేము ఆయన మీద రివ్యూ రాయాలి. ఒకటి నుంచి అయిదు దాకా స్టార్లు, కింద నాలుగు ముక్కలు. గడువు రెండు వారాలు. ఇద్దరూ రాసేదాకా ఒకరు రాసింది ఇంకొకరికి కనపడదు. కనపడ్డాక ఇక ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు.

వినడానికి న్యాయంగానే ఉంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఈ రూలు రాసినవాళ్ళకు మా అత్త నరసమ్మ సంగతి తెలియదు.

మా అత్తకు డెబ్భై రెండేళ్ళు. స్టార్లను ఆమె చుక్కలంటుంది. వచ్చినవాళ్ళ గురించి మనం కూడా మంచో చెడో రాయాలని మొదట్లో నేను చెబితే, విననే కూడని మాట విన్నట్టు చెవి మీద చెయ్యి పెట్టుకుంది. మా వైపు పాత ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. మన ఇంట్లో తిని చెయ్యి కడుక్కున్న మనిషి గురించి బయట చెడ్డగా చెప్పకూడదు. పిల్లను అడగడానికొచ్చి కాదని పోయినా సరే, బావి నీళ్ళ కోసం కోర్టుకెక్కిన దాయాది అయినా సరే. ఇంకో కట్టుబాటు దానికి తోడు. తిన్నవాళ్ళను బాగుందా అని అడిగి మెప్పు చెప్పించుకోకూడదు, అది నామోషీ. ఈ రెండూ పట్టుకుని నాలుగేళ్ళు పనిచేశాను. అందరికీ అయిదు చుక్కలు వేశాను, ఎవరినీ రాయమని అడగలేదు. సంతోషంగా వెళ్ళిన వాళ్ళలో ముప్పాతిక మంది సంతోషంగా మరిచిపోయేవాళ్ళు.

ఆ డిసెంబరు మొదటి శనివారం కార్తీక్ అని ఒకాయన వచ్చాడు. ముప్పై దాటి ఉంటాయి. ఊరు కృష్ణా జిల్లా, ఉద్యోగం బెంగళూరు. నలుగురికని బుక్ చేసి ఏడుగురిని దించాడు. "ముగ్గురు ఎక్స్‌ట్రా ఆంటీ, ఏమనుకోకండి" అన్నాడు. "పర్వాలేదప్పా" అన్నాను. పెద్ద స్పీకరు పెట్టారు. పాలు పితికే వేళ ఆవు బెదిరి చెంబును తన్నింది. పర్వాలేదప్పా అన్నాను. సాయంత్రం నేను కరివేపాకు కోసుకుని తిరిగొచ్చేసరికి గదుల ముందు చలిమంట వేసుకుని చుట్టూ కూర్చుని ఉన్నారు. మంటలో ఏమిటా అని చూస్తే మా చెనక్కాయ కట్టె, అంటే వేరుశనగ కాయలు కోసుకున్నాక మిగిలే ఎండు చెట్లు. ఎండాకాలం దాకా ఆవులకు మేత అని వామి వేసి పెట్టుకున్నది, ఒక పక్క మోకాలెత్తు తగ్గిపోయింది. వీళ్ళు చెత్త అనుకున్నారు. నా లోపల ఎసరు కాగుతోంది. నోటి నుంచి వచ్చింది మాత్రం ఏమిటి? "పర్వాలేదప్పా, చలిగా ఉండాది గదా." పైగా వెళ్ళేటప్పుడు పితికిన గింజలు కట్టి ఇచ్చాను.

సోమవారం రివ్యూ రాయడానికి వరండాలో కూర్చున్నాను. మూడు చుక్కలు వేద్దామని వేలు పెట్టేసరికి, పక్కన కాయలు ఒలుస్తున్న అత్త అడిగింది.

"వాళ్ళ గురించేనా రాస్తాండావు?"

"అవునత్తా. వామి తగలబెట్టినారని రాస్తాను."

"మన ఇస్తరిలో తిన్నోళ్ళు పద్మా. రాసి ఊరంతా చదివిస్తావా? ఇంత కట్టె పోతే మళ్ళీ వస్తాది, ఆ మాట పోతే రాదు."

ఆమె మాటకు అడ్డం చెప్పే ధైర్యం లేక కాదు. నిజం చెప్పాలంటే నాకూ అదే సుఖం. చెడ్డ రాయడమంటే గొడవ, మంచి రాయడమంటే రెండు నిమిషాల పని. అయిదు చుక్కలు వేసి, మర్యాద తెలిసిన కుటుంబం, ఇల్లు శుభ్రంగా ఉంచారు, ఏ హోస్టయినా సంతోషంగా పిలవొచ్చు అని రాశాను. పంపించిన వెంటనే ఆయన రాసింది కనబడింది. ఆదివారం రాత్రే రాసి పెట్టాడట. రెండు చుక్కలు. భోజనం బాగుంది. ప్రైవసీ లేదు, అరగంటకోసారి ఆంటీ వచ్చి తిన్నారా అని అడుగుతుంది. క్యాంప్‌ఫైర్ ఏర్పాటు లేదు.

క్యాంప్‌ఫైర్ అంటే చలిమంటే. మా ఆవుల మేతంతా చాలలేదు కాబోలు, ఏర్పాటు లేదట.

మొత్తం మీద నాకున్నవే కొద్ది రివ్యూలు. ఈ రెండు చుక్కలు వాటిలో పడేసరికి సగటు కిందికి జారి, నా పేరు పక్కనుండే బ్యాడ్జ్ పోయింది. బ్యాడ్జ్ అంటే మంచి హోస్టు అని యాప్ వేసే ముద్ర. అది ఉంటే వెతికేవాళ్ళకు మన గది ముందు కనబడుతుంది. సపోర్ట్ చాట్ అని ఉంటుంది, ఫిర్యాదులు అందులో టైపు చేయాలి. చేశాను, కట్టె ఫొటోలు కూడా పెట్టాను. అవతలి అమ్మాయి చాలా తీయగా జవాబిచ్చింది. నా బాధ ఆమెకు అర్థమైందట. కానీ అది అతిథి సొంత అనుభవమట, వాళ్ళ పాలసీకి విరుద్ధంగా ఏమీ లేదట, తీసేయడం కుదరదట. కావాలంటే కింద ఒకే ఒక్కసారి జవాబు రాసుకోవచ్చట. ఏమని రాయను? పైన నేనే మర్యాద తెలిసిన కుటుంబం అని రాసి కూర్చున్నాను. పైన పొగడ్త, కింద తిట్టు చదివితే ఎవరైనా నవ్వుతారు. ఊరుకున్నాను.

అక్కడితో అయిపోయుంటే ఇది నా ఒక్కదాని ఏడుపు. రెండు వారాల తర్వాత ఒక గురువారం దిబ్బూరహళ్ళి నుంచి నాగరత్న ఫోను చేసింది.

నాగరత్నను నేను చిక్కబళ్ళాపురంలో మూడు రోజుల హోమ్‌స్టే తరబేతిలో, అంటే శిక్షణలో, కలిశాను. నాకంటే పదేళ్ళు చిన్న, అక్కా అని పిలుస్తుంది. వాళ్ళది పట్టుపురుగులు పెంచే ఇల్లు. పురుగులిల్లు పక్కనే ఖాళీగా ఉన్న గదిని అతిథులకివ్వమని పురెక్కించింది నేనే. లిస్టింగ్ పెట్టి నెల కూడా కాలేదు, ఒక్క అతిథీ రాలేదు. ఆ రోజు గొంతులో పండగ వినబడుతోంది.

"అక్కా, శనివారానికి మొదటి బుకింగ్ వచ్చింది. పురుగులు చివరి జ్వరం దాటి ఆకు తింటాండాయి, ఇప్పుడు కొత్తోళ్ళను రానీయాల వద్దా అని శానా ఆలోచన చేస్తిని. కార్తీక్ అని పేరు, నొక్కి చూస్తే నువ్వు అయిదు స్టార్లు వేసుండావు. ఇంక ఆలోచన ఏమిటికని సరే అనేస్తిని."

కార్తీకే. మంచిదమ్మా అని పెట్టేశాను.

పట్టుపురుగుల సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. అవి పొర విడిచే ముందు తినడం మాని ఒకరోజు కదలకుండా పడుకుంటాయి, దాన్ని జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటాక వారం రోజులు ఆకలిగా ఆకు తిని గూళ్ళు కడతాయి. ఆ వారమే ప్రాణగండం. దోమల బత్తి పొగ, స్ప్రే, సెంటు వాసన, బీడీ కంపు, ఏది తగిలినా తినడం మానేస్తాయి, గంపలు గంపలుగా చస్తాయి. ఆ ఇళ్ళలో ఆ వారం అగరబత్తి కూడా వెలిగించరు. నాగరత్న ఇంటిల్లిపాదీ ఇరవై రోజులుగా పొద్దూ మాపూ మల్బరీ ఆకు కోసి పెట్టిన పంట అది. ఆ గోడ పక్కకు స్పీకరును, చలిమంటను, దోమల స్ప్రేను నా చేతి ముద్ర వేసి పంపిస్తున్నాను.

క్యాన్సిల్ చేయమందామంటే, హోస్టు క్యాన్సిల్ చేస్తే యాప్ జరిమానా వేస్తుంది. ఆ తేదీలకు ఇంకెవరికీ గది ఇవ్వనీయదు. కొత్త లిస్టింగ్‌కు మొదటి బుకింగే క్యాన్సిల్ అయితే ఆ మచ్చ పోవడం కష్టం. మళ్ళీ సపోర్ట్ చాట్ తెరిచాను. ఈసారి ఒక అబ్బాయి. అతిథి నా మీద రాసింది ఉంటే ఉండనీయండి, నేను అతిథి మీద రాసింది తీసేయండి, అది అబద్ధం అని టైపు చేశాను. అవతల చాలాసేపు చుక్క చుక్కగా ఏదో టైపు చేస్తున్నట్టు కనబడింది, ఏమీ రాలేదు. తర్వాత, మేడమ్, మీరు అతిథిని పొగిడారు కదా, దాన్ని తీసేయమంటున్నారా అని అడిగాడు. అవునప్పా అన్నాను. పొగడ్త పాలసీకి విరుద్ధం కాదు మేడమ్ అన్నాడు. ఆ పిల్లవాడి ఉద్యోగంలో ఇట్లాంటి ఫిర్యాదు అదే మొదటిదై ఉండాలి.

శనివారం పొద్దున్నే చేలూరు దాకా మా ఇంటాయన స్కూటర్ మీద దింపితే, అక్కడి నుంచి రెండు బస్సులు మారి దిబ్బూరహళ్ళి చేరాను. నాగరత్న పురుగులింటి ముందు కత్తిపీట వేసుకుని ఆకు తరుగుతోంది. సాయానికి వచ్చాననుకుని నవ్వింది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. ఏడుగురు, స్పీకరు, కట్టె, నేను రాసిన నాలుగు ముక్కలు. ఆమె ఆకు తరగడం ఆపలేదు. నన్ను తిట్టుంటే బాగుండేది.

చివరికి ఒక్కటే మాట అంది. "వీళ్ళ గురించి నాకు తెలిసింది నీ మాటే గదక్కా. ఇంకేమీ తెలీదు."

యాభై రెండేళ్ళ వయసులో అంత చిన్నతనం ఎప్పుడూ అనిపించలేదు. వాళ్ళు వచ్చేటప్పుడు గేటు దగ్గర నేనుంటాను, నువ్వు లోపల ఉండు అని చెప్పి బయట అరుగు మీద కూర్చున్నాను.

పదకొండింటికి కారు వచ్చింది. అయిదుగురు దిగారు, బుక్ చేసింది ముగ్గురికి. డిక్కీలోంచి బొగ్గుల పొయ్యి ఒకటి దించబోతున్నారు. నన్ను చూసి కార్తీక్ మొహం విప్పారింది. "ఆంటీ, మీరేంటి ఇక్కడ?" అని అభిమానంగానే అడిగాడు. రెండు చుక్కలు వేసినట్టు ఆ మొహంలో జాడ కూడా లేదు.

నాలుగేళ్ళలో మొదటిసారి ఒక అతిథితో పర్వాలేదు అనలేదు.

"కార్తీకప్పా, నీతో రెండు మాటలు చెప్పాల. నీకు నేను వేసిన అయిదు స్టార్లు అబద్ధం. నువ్వు నలుగురని చెప్పి ఏడుగురితో వచ్చినావు. నా ఆవుల మేత కాల్చినావు. అవన్నీ దాచిపెట్టి మంచోడని రాస్తిని. అది నమ్మి ఈ యమ్మ నిన్ను రానిచ్చింది."

ఆయన మొహం ఎర్రబడింది. వెనక ఉన్న ఇద్దరు ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. నేను ఆగలేదు. పురుగుల సంగతి చెప్పాను. పొయ్యి కారులోనే ఉండాలన్నాను. స్ప్రే, సెంటు, సిగరెట్టు గేటు దాటి లోపలికి రాకూడదన్నాను. దోమతెర కట్టి ఉంది, అది చాలు. గది ముగ్గురికే, తక్కిన ఇద్దరు చింతామణిలో లాడ్జి చూసుకోవాలి. కుదరదంటే మీరే క్యాన్సిల్ చేసుకుని వెళ్ళండి, నాగరత్న డబ్బు మొత్తం వెనక్కి ఇస్తుంది, మనసులో ఏమీ పెట్టుకోము అన్నాను.

ఆయన డిక్కీ మూసి నా వైపు తిరిగాడు. సూటిగానే అన్నాడు.

"అది మేత అని నాకు ఇప్పుడే తెలిసింది ఆంటీ. మీరు అప్పుడు చలిగా ఉంది కదా అని నవ్వారు. ప్రతిదానికీ పర్వాలేదన్నారు. ఇంటికెళ్ళి చూస్తే అయిదు స్టార్లు. నేనేం అనుకోవాలి?"

ఈ ప్రశ్నకు బస్సులో నేను జవాబు తయారుచేసుకోలేదు. మాటకు మాట కావాలి కాబట్టి, నువ్వు మాత్రం నా మొకాన ఏమన్నా అన్నావా నాయనా, గింజల మూట తీసుకుని కాళ్ళకు దండం పెట్టి పోయి రెండు చుక్కలు వేస్తివి అన్నాను. ఆయన భార్య ఫక్కున నవ్వింది. తలుపు దగ్గరకు నేను వచ్చిన ప్రతిసారీ ఆమె ఆఫీసు కాల్‌లో ఉండేదట. వద్దని చెబితే ఆంటీ బాధపడుతుందని చెప్పలేదట. చూస్తే ఇద్దరమూ ఒకే మర్యాద పాటించాం. ఎదుట నోరు మూసుకుని, వెనక ఆయన ఉన్నదానికంటే తక్కువ రాశాడు, నేను ఉన్నదానికంటే ఎక్కువ రాశాను.

ఇద్దరు స్నేహితులు గొణుక్కుంటూ కారు తీసుకుని చింతామణికి పోయారు. పొయ్యి కూడా వాళ్ళతోనే పోయింది. తక్కిన ముగ్గురు, అంటే కార్తీక్, ఆయన భార్య, ఆమె తమ్ముడు ఉండిపోయారు. నేనూ ఆ రాత్రికి అక్కడే ఆగాను. సాయంత్రం నాగరత్న వాళ్ళను పురుగులింటి కిటికీ బయట నిలబెట్టి, పురుగులు ఆకు తినే చప్పుడు వినిపించింది. కార్తీక్ తుమ్ము వస్తే నోరు మూసుకుని గేటు దాకా పరుగెత్తాడు. ఆ మనిషిని అంత భయంగా చూడటం నాకు సంతోషంగా ఉందని ఒప్పుకుంటాను. ఆదివారం మధ్యాహ్నం కారు తిరిగొచ్చి వాళ్ళు వెళ్ళేటప్పటికి పురుగులు యథాప్రకారం తింటున్నాయి. బుధవారానికి గూళ్ళు కట్టాయి.

కారు మలుపు తిరిగాక నాగరత్న అరుగు మీద నా పక్కన కూర్చుంది. ఇక నన్ను క్షమించిందనుకుని లేచి బస్సుకు బయలుదేరబోయాను.

"అక్కా, ఒకటి అడుగుతాను. లిస్టింగ్ పెట్టే ముందు వచ్చి నా గది చూసి బలే ఉండాదంటివి. నా చేతి సారు బలే ఉండాదంటివి. అవి కూడా ఆ అయిదు స్టార్ల మాదిరివేనా?"

పెద్దదాన్ని ఇట్లా గోడకు ఆనించి అడుగుతుందని అనుకోలేదు. మామూలుగా అయితే అయ్యో అదేం మాటమ్మా అని తప్పించుకునేదాన్ని. ఆ రోజు ఆ దారి మూసుకుపోయింది. మళ్ళీ కూర్చుని చెప్పాను. గది నిజంగానే బాగుంది. కానీ పరుపు బండరాయి, బాత్రూములో వేడినీళ్ళ కొళాయి తిప్పితే చన్నీళ్ళు వస్తాయి, సారులో ఉప్పు రెండు చిటికెలు ఎక్కువ. నాగరత్న మొహం చిన్నబోయింది, కాసేపు అటు తిరిగి కూర్చుంది. తర్వాత లోపలికి పోయి ఒక పెన్సిలు, పాత క్యాలెండరు కాగితం తెచ్చుకుంది. మళ్ళీ చెప్పక్కా, మొదటి నుంచి చెప్పు అంది. మూడు గంటల బస్సు కాస్తా పోయింది.

కార్తీక్ ఆమెకు నాలుగు చుక్కలు వేశాడు. రూల్స్ ఎక్కువ, కానీ ముందే మొహం మీద చెబుతారు, పరుపు గట్టి అని రాశాడు. నాగరత్న ఆయనకు నాలుగు వేసి, చెబితే వినే మనిషి, కానీ ఎందరొస్తున్నారో రెండుసార్లు అడగండి అని రాసింది. నేను ఆ రెండూ మా అత్తకు చదివి వినిపించి, భయపడుతూ గేటు దగ్గర జరిగింది కూడా చెప్పాను. ఆమె కాయలు ఒలుస్తూనే విని, ఎదుట చెప్పిన మాటే రాస్తే అది చాడీ ఎట్లయితాది అంది. నాలుగేళ్ళ నుంచి ఈ మాట ఎందుకు చెప్పలేదత్తా అంటే, నువ్వు ఎదుట ఎవరికి ఏం చెప్పినావని అడిగింది.

అప్పటి నుంచి నా పద్ధతి అదే. స్పీకరు పెడితే తగ్గించమని అప్పుడే చెబుతాను. తిన్నారా అని అడగను, మీకేం తక్కువైందో ఉండగానే చెప్పండి అని అడుగుతాను. ఎదుట చెప్పిందే రాస్తాను, చెప్పనిది రాయను. పాలసీలు మారలేదు. కార్తీక్ పేరు కింద నా అయిదు చుక్కలు ఇప్పటికీ అట్లాగే మెరుస్తున్నాయి. బ్యాడ్జ్ తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

నాగరత్న ఫోను రావడానికి అంతకంటే ఎక్కువే పట్టింది. మాటలు ఆగలేదు, కలిస్తే నవ్వుతూనే ఉండేది. కానీ అతిథుల విషయం మాత్రం నన్ను అడగడం మానేసింది. ఇంకో అనపకాయల కాలం కూడా వచ్చి పోయాక, ఒక పొద్దున ఫోను మోగింది. ఎవరో దంపతులు గది అడుగుతున్నారట, అంతకుముందు మా ఇంట్లో దిగి వెళ్ళినవాళ్ళు. "నువ్వు రాసింది చదివినానక్కా. రానీమంటావా?" అంది. రానీ అన్నాను. సరే అని వెంటనే పెట్టేసింది, ఇంకేమీ అడగలేదు.